వడ్రంగి కొనదగిన యంత్రము



పల్లెలో ఎవరైనను అప్పు చేయదలచినప్పుడు గాని, పొలము తాకట్టు పెట్టదలచినప్పుడు గాని, ముందుగా వచ్చి ఆలోచన యడుగునది మీవంటి పెద్దలనే. పూర్వము ఆ యప్పు ఎడ్లకొరకో, నూతికొరకో, ఆడపిల్ల పెండ్లికొరకో అయ్యెడిది. వాని మంచిచెడ్డలు మీకు తెలిసినవే గనుక సలహా చెప్పుట కష్టము కాలేదు. ఇప్పుడు వడ్రంగి కుమారుడు వచ్చి, "తాతగారూ, సి.ఎన్.సి. మిషను కొనవలెనని యున్నది, బ్యాంకులో తమరు హామీ సంతకము చేయవలెను" అని యడుగుచున్నాడు. పేరే నోరు తిరుగని వస్తువునకు గుణదోషములెట్లు తెలియును? అట్టి సమయమున మీరు ఆ పిల్లవానిని ఏమేమి యడుగవలెనో, యంత్రమునందు ఏమేమి చూడవలెనో చెప్పుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము. నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను. వ్యాకరణము చెప్పుకొని బ్రతికినవాడను. అయినను నాయొద్ద చదివిన వడ్రంగుల బిడ్డలు కొందరు ఈ యంత్రములను నడపుచున్నందున, వారి పనిపాకలలో కూర్చుండి, చూచి, అడిగి తెలిసికొన్నదానిని మీకు విన్నవించెదను.

ముందుగా దాని స్వరూపము చెప్పెదను. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గల యొక ఇనుప బల్ల. బల్లకు రెండు ప్రక్కల పట్టాలు. ఆ పట్టాలమీద ముందునకును వెనుకకును నడచు ఒక అడ్డదూలము. ఆ దూలముమీద కుడియెడమలకు జరుగు ఒక చట్రము. ఆ చట్రమునకు క్రిందికిని మీదికిని దిగుచు ఎక్కుచు నుండు ఒక మోటారు. ఆ మోటారును స్పిండిలు అందురు. దాని కొనను బిగించిన బిట్టు నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగుచు కర్రను తొలుచును. పొడవు, అడ్డము, లోతు అను ఈ మూడు మార్గములలో ఏది యెంత జరుగవలెనో కంప్యూటరు అంకెలలో ఆజ్ఞాపించును. ఆ యంకెల భాషకు జి-కోడు అని పేరు. దీని పూర్తి పేరు సి.ఎన్.సి. రౌటరు.

ఈ విద్య వడ్రంగమునందు పుట్టినది కాదు. అమెరికా దేశమున మిచిగన్ రాష్ట్రమందు జాన్ పార్సన్స్ అను నాతడు హెలికాప్టరు రెక్కలకు కావలసిన వంకరలను కచ్చితముగా కోయుటకై, కొలతలను అంకెలుగా మార్చి యంత్రమునకు అందించు ఉపాయమును ఆలోచించెను. దానిపై మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారు పని చేసి, 1952వ సంవత్సరమున రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీనిబట్టి నడచు యంత్రమును ప్రదర్శించిరి. లోహమును కోయుటకు పుట్టిన ఆ యుపాయమే కాలక్రమమున చౌకయై, చిన్నదియై, నేడు మన వడ్రంగి వాకిటికి వచ్చినది. ఇందువలన మనము గ్రహింపవలసినది యేమనగా, ఈ యంత్రమునకు ఓర్పు కలదు గాని నేర్పు లేదు. చెప్పిన యంకెను వేయిసార్లు చెప్పినట్లే చేయును. తప్పు చెప్పినచో ఆ తప్పును సయితము వేయిసార్లు చేయును.

ఇక మనము అడుగవలసిన మొదటి ప్రశ్న యంత్రమును గూర్చినది కాదు, పనిని గూర్చినది. "నాయనా, దీనితో ఏమి చేయుదువు? ఆ పని నీ చేతిలో ఇప్పటికే కలదా?" అని యడుగుడు. టేకు తలుపులమీద లతలు, పూజగది తలుపులకు నగిషీ, ద్వారబంధముల చెక్కడము, వంటింటి బీరువాలకు ప్లైవుడ్డు పలకల కోత, ఇవి యీ యంత్రమునకు తగిన పనులు. ఒకే మచ్చు పదిమారులు కావలసినచోట దీని ఉపయోగము మిక్కుటము. అన్ని కర్రపనులకును ఇది తగదు. ఏటికొప్పాక లక్కబొమ్మ అంకుడుకర్రను తరిమెనపై త్రిప్పుచు చేయునది. దానికి ఈ బల్లతో పనిలేదు. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో భాగములు భాగములుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి తీర్చునది. చేతిపని యగుటయే దాని వెల. కావున ఎవరో కొనిరని కొనుట గాక, గడచిన సంవత్సరమున తన పనిలో ఎన్ని తలుపులకు చెక్కడము అడిగిరో, ఎన్నింటిని బయటి ఊరికి పంపి కూలి యిచ్చి చేయించుకొనెనో కాగితముమీద వ్రాయుమనుడు. ఆ లెక్క లేనివానికి యంత్రము తొందరగా కొనవలసిన వస్తువు కాదు.

పనినిబట్టి పరిమాణము తేలును. బజారులో దొరకు ప్లైవుడ్డు పలక ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అనగా 2440 మిల్లీమీటర్లు, 1220 మిల్లీమీటర్లు. పలకలు కోయువానికి ఆ పలక మొత్తము పట్టు బల్ల కావలెను. చిన్న చెక్కడములే చేయువానికి అందులో సగము చాలును. పెద్ద బల్లకు స్థలమును ఎక్కువే, కరెంటును ఎక్కువే, వాయిదాయును ఎక్కువే.

రెండవది దేహము. ఎద్దును కొనునప్పుడు కొమ్ములకు పూసిన రంగును చూచి మీరెవ్వరును బేరమాడరు. ఎముకను చూతురు, నడకను చూతురు. ఇందును అంతే. పైనున్న రంగును, తెరమీది బొమ్మలను విడిచి చట్రమును చూడవలెను. బిట్టు కర్రను తొలుచునప్పుడు అదరు పుట్టును. బలమైన, బరువైన చట్రము ఆ యదరును మ్రింగును. పలుచని చట్రము దానిని కర్రమీద అలలుగా చూపును. దళసరి ఉక్కు గొట్టములను వెల్డింగు చేసి, ఆ వేడివలన లోహమునందు చిక్కిన బిగువు పోవునట్లు మరల కాల్చి చల్లార్చి, ఆ తరువాత పట్టాలు కూర్చుండు చోట్లను యంత్రముతో చదును చేసిన చట్రము మేలు. బిగువు తీయని చట్రము కొన్ని నెలలకు తనంతట తాను వంగుటయు కలదు. "వెల్డింగు తరువాత బిగువు తీసిరా? పట్టాల చోటును చదును చేసిరా?" అని యడుగుడు. తెల్లబోయి చూచువాడు చట్రము తయారీ యెరుగనివాడని తెలిసికొనవచ్చును.

అడ్డదూలము నడచు పట్టాలు చదరపువై, అడుగున పొడవునను ఆధారము కలవై యుండవలెను. రెండు కొనలయందు మాత్రమే పట్టి నిలిపిన గుండ్రని కడ్డీలు చిన్న ఆటబల్లలకు తగును గాని, దినమంతయు పని చేయు యంత్రమునకు తగవు. దూలమును నడపుటకు రెండు విధములు కలవు: ఒకటి మరచుట్టు కడ్డీలో గుండ్లు దొరలుచు నడపునది, దీనిని బాల్ స్క్రూ అందురు, రెండవది పండ్లపట్టీమీద పండ్లచక్రము దొరలునది. పొట్టి దూరములకు మొదటిది కచ్చితము. ఎనిమిదడుగుల పొడవునకు మరచుట్టు కడ్డీ వేగముగా తిరిగినచో త్రాడువలె ఊగును. కనుక పెద్ద బల్లల పొడవునకు ఏటవాలు పండ్ల పట్టీని, లోతునకు బాల్ స్క్రూను వాడుట వాడుకయై యున్నది. పట్టాలకును స్క్రూలకును దుమ్ము పడకుండ తొడుగులు ఉన్నవా, నూనె పోయు మార్గము చేతికి అందుచున్నదా అని చూడవలెను. నూనె పోయుట కష్టమైనచో ఎవ్వడును పోయడు.

మూడవది నడపు మోటారులు. ఇవి రెండు జాతులు. స్టెప్పరు మోటారు ఒక చుట్టును సాధారణముగా 200 అడుగులుగా వేయును. చెప్పినన్ని అడుగులు వేయుటయే దాని ధర్మము. గట్టిముడి తగిలి ఒక అడుగు తప్పినచో అది కంప్యూటరునకు తెలుపదు. అచ్చటినుండి చెక్కడమంతయు ప్రక్కకు జరుగును. సర్వో మోటారునకు తానెచ్చట నున్నదో కొలిచి చెప్పు కన్ను కలదు. తప్పినచో సరిదిద్దుకొనును, లేదా ఆగి కేక వేయును. మెత్తని పలకలకు, నిదానమైన పనికి మంచి స్టెప్పరు చాలును, వెలయు తక్కువ. గట్టి టేకును దినమంతయు తొలువవలసినవానికి సర్వోయే శ్రేయస్కరము. ఈ రెంటికిని నడుమ, కన్ను అమర్చిన స్టెప్పరులును దొరకుచున్నవి.

కర్రను తొలుచు స్పిండిలును గూర్చి అమ్మువారు గొప్పగా చెప్పెదరు. నిమిషమునకు 24,000 చుట్లు అను మాట ప్రతివారి నోటను వినబడును. అది యబద్ధము గాదు గాని, పని యంతయు ఆ వేగముననే జరుగదు. ఒక చిన్న లెక్క చెప్పెదను. స్పిండిలు నిమిషమునకు 18,000 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. బిట్టునకు రెండు అంచులు. ఒక్కొక్క యంచు ఒక చుట్టునకు 0.2 మిల్లీమీటరు చొప్పున కర్రను తీయుచున్నది. మూటిని గుణించినచో నిమిషమునకు 7,200 మిల్లీమీటర్లు, అనగా ఏడు మీటర్ల ఇరువది సెంటీమీటర్లు బిట్టు ముందునకు నడువవలెను. అంతకంటె మిక్కిలి నిదానముగా నడచినచో అంచు కర్రను కోయక రాచుచు కాల్చును. మిక్కిలి వేగముగా నడచినచో బిట్టు విరుగును. కావున అమ్మువాడు "నిమిషమునకు ముప్పది మీటర్లు" అని చెప్పినప్పుడు, "అది వట్టి నడకయా, కోతతో నడకయా?" అని యడుగుడు. బరువు లేని బండి పరుగెత్తుట గొప్పగాదు గదా!

స్పిండిలు బలమును కిలోవాట్లలో చెప్పుదురు. చిన్న చెక్కడములకు రెండు మూడు కిలోవాట్లు చాలును. గట్టి కర్రలో లావు బిట్టుతో కోయుటకు ఆరు గాని తొమ్మిది గాని వలయును. బిట్టును పట్టుకొను కాలెట్టు ఏ కొలతదో యడుగవలెను. ఇ.ఆర్. 20 అనునది 13 మిల్లీమీటర్ల లావు కాడవరకును, ఇ.ఆర్. 32 అనునది 20 మిల్లీమీటర్లవరకును పట్టును. ఈ కాలెట్టులును బిట్టులును మన సమీప పట్టణములో దొరకునవై యుండుట ముఖ్యము. స్పిండిలును నీటితో చల్లార్చు పద్ధతియు, గాలితో చల్లార్చు పద్ధతియు కలవు. నీటిది చప్పుడు తక్కువ గాని, ఆ నీటిని, పంపును కనిపెట్టి యుండవలెను. చూచువాడు లేనిచోట గాలితో చల్లారునదియే మేలు.

నాలుగవది కరెంటు. పట్టణములో చక్కగా నడచిన యంత్రము పల్లెకు వచ్చి మొరాయించుటకు ఇదియే తరచు కారణము. పెద్ద స్పిండిలునకును, పలకను పీల్చి పట్టు పెద్ద పంపునకును సాధారణముగా త్రీ ఫేజు కరెంటు కావలెను. వ్యవసాయపు మోటారు కనెక్షనునుండి పనిపాకకు తీగ లాగుట చట్టవిరుద్ధము. పరిశ్రమకు వేరు కనెక్షను తీసికొనవలెను. వోల్టేజి హెచ్చుతగ్గులకు స్టెబిలైజరు, నియంత్రించు పెట్టెకు యు.పి.ఎస్., మొత్తమునకు మంచి ఎర్తింగు ఉండవలెను. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆగినచోటినుండియే మరల మొదలిడు జ్ఞాపకశక్తి యంత్రమునకు కలదా యని తప్పక పరీక్షింపుడు. ఆ శక్తి లేనిచో సగము చెక్కిన టేకు పలక వంటచెరకగును.

ఐదవది దుమ్ము. దీనిని చాలమంది లెక్కలో వేయరు. కర్రదుమ్ము మనుష్యులకు కాన్సరు కలిగించు పదార్థమని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ 1995లో నిర్ణయించినది. ముక్కులోపలి కాన్సరు అందు ముఖ్యము. ఎమ్.డి.ఎఫ్. పలకలలో ఫార్మాల్డిహైడు చేరిన జిగురు ఉండుటచే, ఆ పొడి మరింత బాధాకరము. ఉలితో చెక్కినప్పుడు పేళ్లు రాలును; ఈ యంత్రముతో పిండివంటి ధూళి లేచును. కనుక ధూళిని పీల్చు సాధనము లేకుండ ఈ యంత్రమును ఇంటి వసారాలో పెట్టనీయకుడు. ఆ వసారాలోనే పసిపిల్లలును ముసలివారును నిద్రింతురు. యంత్రమునకు ఎర్రని అత్యవసరపు మీట చేతికందు చోట నుండవలెను. పని చేయువాడు పైకండువతో గాని, చేతులకు తొడుగులతో గాని తిరుగు బిట్టు దగ్గరకు పోరాదు.

ఆరవది పరీక్ష. ఎద్దును కాడికి కట్టి దున్నించి చూచినట్లే, యంత్రమును మన కర్రతో పని చేయించి చూడవలెను. అమ్మువాడు చూపు కర్ర మెత్తనిది. మనము మన టేకు ముక్కను, వేప ముక్కను వెంట తీసికొని పోవలెను. మూడు పరీక్షలు చాలును.

ఒకటి: 900 మిల్లీమీటర్ల వెడల్పు, 1200 మిల్లీమీటర్ల పొడవు గల దీర్ఘచతురస్రాకారపు పలకను కోయింపుడు. మూలనుండి మూలకు కొలువుడు. రెండు కర్ణములును 1500 మిల్లీమీటర్లే రావలెను. మూడు, నాలుగు, ఐదు అను ఈ నియమమును యజ్ఞవేదికలు కొలుచుటకై మన శుల్బసూత్రకారులు వాడిరి. నేటికిని గోడ మూల తీయు మేస్త్రీ వాడుచున్నాడు. కర్ణములు సమముగా రానిచో అడ్డదూలము ఏటవాలుగా నడచుచున్నదని యర్థము. అట్టి యంత్రముతో చేసిన తలుపు బంధములో కూర్చుండదు.

రెండు: ఒక జానెడు వృత్తమును తొలిపింపుడు. వ్రేలితో అంచు తడిమి చూడుడు. నాలుగు దిక్కుల చిన్న మెట్టు గాని చదును గాని తగిలినచో, మోటారు దిశ మార్చునప్పుడు పండ్లలో వదులు కలదని తెలిసికొనవలెను.

మూడు: ఒక చెక్కడమును మొదలిడించి, నాలుగైదు గంటలు విడువక నడపించి, తరువాత బిట్టును మొదటి చుక్కకు మరల రమ్మనుడు. సరిగా ఆ చుక్కమీదనే దిగవలెను. అప్పుడే స్పిండిలును చేతితో తాకి చూడుడు. వెచ్చగా నుండవచ్చును గాని చేయి పెట్టలేనంత కాలరాదు. పావుగంట ప్రదర్శనమున ఏ యంత్రమైనను బాగుగనే యుండును; వేడెక్కిన పిదపనే దాని గుణము బయటపడును.

ఏడవది అమ్మువాడు. నిజమునకు నమ్మదగిన యంత్రము అనగా ఎన్నడును చెడనిది గాదు. చెడినచో తొందరగా బాగుపడునది. నేనెరిగిన యొక వడ్రంగి, పేరు చెప్పను, అందరికంటె తక్కువ వెల చెప్పినవానియొద్ద కొనెను. ఆరవ నెలలో నియంత్రించు పెట్టెలోని ఒక చిన్న పలక కాలినది. అమ్మినవాడు ఫోను ఎత్తలేదు; ఆ పలక మరెచ్చటను దొరకలేదు. రెండు నెలలు యంత్రము గోనెపట్ట క్రింద నుండెను. వాయిదా మాత్రము నెలనెలకు వచ్చెను. పండుగకు అందింపవలసిన తలుపులను ఆ కుటుంబము పగలును రాత్రియు ఉలితో చెక్కి యిచ్చి మాట దక్కించుకొన్నది. చేతిలో పాత విద్య యున్నందుననే గదా ఆ మాట దక్కినది!

కావున విడిభాగములు ఎచ్చట దొరకును, బాగుచేయువాడు ఏ యూరినుండి ఎన్ని దినములలో వచ్చును, ఉచితముగా చూచు కాలమెంత, అందులో స్పిండిలు చేరునా చేరదా, అను వానిని కాగితముమీద వ్రాయించి సంతకము చేయించుకొనవలెను. అంతకంటె మేలైన మార్గము, ఆ యమ్మువాడు రెండు మూడు సంవత్సరముల క్రిందట అమ్మిన యంత్రములున్న పనిపాకలకు స్వయముగా పోయి చూచుట. ఆ కొన్నవారిని ఒంటరిగా అడిగినచో నిజము చెప్పెదరు. నియంత్రించు పెట్టె నలుగురు వాడునదైనచో, దానిని నడప నేర్చినవాడును, బాగుచేయువాడును సులభముగా దొరకుదురు.

ఇక లెక్క. యంత్రము వెల ఒక్కటియే వెల కాదు. పన్ను, రవాణా, దించుకూలి, పీల్చు పంపు, ధూళి పెట్టె, స్టెబిలైజరు, బొమ్మలు గీయు సాఫ్టువేరు, బిట్టులు, కుర్రవానికి శిక్షణము, ఇవన్నియు చేర్చి కూడవలెను. నెలకు 20,000 రూపాయల వాయిదా, 25 పనిదినములు అనుకొనుడు. దినమునకు 800 రూపాయలు యంత్రమే ముందుగా సంపాదింపవలెను. ఆ తరువాతిది ఇంటివారి కూడు. పది దినములు ఆగినచో 8,000 రూపాయలు చేతినుండి కట్టవలెను. తక్కువ వెల యంత్రమునకును, మంచి యంత్రమునకును గల భేదమును ఈ లెక్కతో తూచి చూడుడు.

కేంద్ర ప్రభుత్వమువారు 2023 సెప్టెంబరు 17వ తేదీన ఆరంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకమున 18 చేతివృత్తులు చేరియున్నవి. వడ్రంగము అందులో నొకటి. తాకట్టు లేకుండ మొదట లక్ష రూపాయలు, అది తీర్చిన పిమ్మట రెండు లక్షలు, వృత్తికారునకు నూటికి అయిదు వడ్డీతో ఇచ్చునట్లు నియమము. పెద్ద యంత్రమునకు ఇది చాలదు. అయినను పొలము తాకట్టు పెట్టుటకు ముందు ఇట్టి మార్గమును విచారింపుమని చెప్పుట మన ధర్మము. ఇద్దరు ముగ్గురు వడ్రంగులు కలిసి ఒక యంత్రము కొని, పనిని పంచుకొనుటయు ఆలోచింపదగినదే.

తుదకొక్క మాట. కుమారుడు యంత్రము కొనగానే తండ్రి ఉలిని అటకమీద పెట్టరాదు. పచ్చికర్రను యంత్రము గుర్తింపదు. ఆరని టేకు తలుపు ఎంత చక్కగా చెక్కినను వానాకాలమున బిగిసి, వేసవిలో వంగును. ఏ దిక్కున నార నడచుచున్నదో, ముడి ఎచ్చట నున్నదో, ఏ ముక్క తలుపునకు తగునో, ఏది గడపకు తగునో చెప్పవలసినది ముసలి వడ్రంగియే. అంకె కుమారునిది, కర్ర తండ్రిది. ఇద్దరును ఒక బల్లచుట్టు నిలుచు ఇల్లైనచో మీరు నిస్సంశయముగా హామీ సంతకము చేయవచ్చును. తండ్రిని అడుగక, పని లెక్క వ్రాయక, తన కర్రతో పరీక్షింపక కొనుటకు తొందరపడువానిని మాత్రము, "నాయనా, ఇంకొక పంట చూచి కొనుము" అని ప్రేమతో మందలించి పంపుడు. ఆ యొక్క మాట కొన్ని యిండ్ల పొలమును నిలుపగలదు.